చేప తలకాయకు పద్దెనిమిది మార్కులు

మలయ్ దేశంలోని తెలుక్ ఇంటాన్‌లో ముప్పై ఒక్క ఏళ్లు ఇంగ్లీషు టీచరుగా పనిచేసి, రెండేళ్ల కిందట రిటైరయ్యాను. అందులో చాలా ఏళ్లు ఐదో ఫారం పిల్లలకు ఇంగ్లీషు సాహిత్యం చెప్పాను. విక్టోరియా రాణి కాలం నాటి ఒక లావుపాటి నవల నా చేతిలో ఎంత నలిగిందంటే, దాని అట్ట మూడుసార్లు మార్చాల్సి వచ్చింది. కథానాయిక తల్లీ తండ్రీ లేని పిల్ల. ఏటా జనవరిలో ఆ పిల్లను బంధువుల ఇంటి చలిగదిలో పడుకోబెట్టి, జూన్ దాకా కష్టాలు పెట్టి, అక్టోబరుకల్లా ఒడ్డున పడేసేదాన్ని. ఆ వెంటనే పరీక్షలు. మళ్లీ జనవరిలో పాపం ఆ పిల్ల అదే చలిగదికి.

మా తమ్ముడి కూతురు భవాని ఈ ఏడాది టీచరు ఉద్యోగంలో చేరింది. మొదటి వారం అయ్యాక మా ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడింది.

"అత్తా, ఫైళ్లెలగ రాయాలో కోర్సులో అన్నీ సెప్పినారు. క్లాసులో ఏటి సెయ్యకూడదో మాత్రం ఎవరూ సెప్పలేదు లా!"

మాట చివర 'లా' తగిలించడం ఇక్కడ అందరికీ అలవాటు. ఏం చేయకూడదో చెప్పడానికి నాకంటే తగిన మనిషి ఈ జిల్లాలో లేరు. అందుకే ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి రెండే. ఒకటి లైబ్రరీ అలమర తాళాలు, రెండోది ప్రశ్నపత్రాల అలమర తాళాలు. రాయదలచింది ఒక పిల్ల గురించి, వాళ్ల అత్త గురించి, నేను చేసిన ఒక ఘనకార్యం గురించి.

చలి నేర్పడం

ఆ నవలతో మన దేశంలో వచ్చే మొదటి తంటా ఏమిటంటే, అందులో కష్టాలు ఇక్కడ కష్టాల్లా కనిపించవు. బోర్డింగ్ స్కూల్లో అనాథలకు పొద్దున్నే పలచటి జావ పోస్తారని గొంతు వణికించి చదివాను. ముందు బెంచీ అబ్బాయి చెయ్యెత్తాడు.

"టీచర్, అది మన బుబుర్ లాంటిదేనా? అందులో ఇకాన్ బిలిస్ వేస్తారా?"

వేయించిన నెత్తళ్లు చల్లుకుని తినే బియ్యపు జావ ఇక్కడ పిల్లలకు ఇష్టమైన టిఫిను. ఆ మాట వినగానే క్లాసులో సగం మందికి ఆకలేసింది. అనాథను ఎవరూ పట్టించుకోలేదు.

'ఆంటీ' అనే మాట ఇంకో తంటా. అనాథను హింసించేది ఆంటీ. ఏ ఆంటీ అని అడిగారు. పిన్నా, పెద్దమ్మా, మేనత్తా, మేనమామ భార్యా? మలయ్ పిల్లలకూ, చైనీస్ పిల్లలకూ, మనకూ ఒక్కొక్కరికి ఒక్కో పేరుంది. అందరికీ కలిపి ఒకే పేరు పెట్టుకున్న జనం బంధువులను సరిగ్గా చూసుకోకపోవడంలో వింతేముందని ఒకమ్మాయి తేల్చేసింది. ఇలాంటి మాటలు గైడు పుస్తకాల్లో దొరకవు. రాసిపెట్టుకోండి.

అసలు తంటా చలి. మంచు గదిలో వణుకుతూ పడుకోవడం అంటే ఏమిటో మా పిల్లలకు తెలియదు. వాళ్లకు తెలిసిన చలి సినిమా హాల్లో ఏసీ. అది కష్టం కాదు, టిక్కెట్టు కొని మరీ పొందే సుఖం. అప్పుడు నాకు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. గొప్ప ఆలోచనలు వచ్చినప్పుడు కాసేపు పడుకోవడం మంచిదని ఇప్పుడు తెలుసు. అప్పటికి ఇంకా తెలియదు.

హుటాన్ మెలింటాంగ్‌లో చేపల రేవు పక్కన ఐసు ఫ్యాక్టరీ ఉంది. పడవలు సముద్రంలోకి వెళ్లేముందు అక్కడే ఐసు నింపుకుంటాయి. మా క్లాసులో మాలిని అనే పిల్ల ఆ ఊరి నుంచే రోజూ బస్సులో వచ్చేది. పదిహేడో ఏడు నడుస్తోంది. ఒద్దికైన పిల్ల, అక్షరం ముత్యం. నాన్న తెలుగు, అమ్మ తమిళం. ఇద్దరూ ఒకే ప్రమాదంలో పోయారని స్కూలు రికార్డులో ఉంది. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్లు. అప్పటినుంచీ మేనత్త దగ్గర ఉంటోంది. ఇంట్లో తెలుగు వింటుంది, తమిళంలో జవాబు చెబుతుంది.

"మా అత్త ఆ రేవులోనే పని చేస్తుంది టీచర్. ఫ్యాక్టరీ వాళ్లను అడుగుతాను" అని మాలినే అనుమతి సంపాదించింది.

పన్నెండు మందిని స్కూలు వ్యానులో తీసుకెళ్లాను. ఐసు దిమ్మెలు నిలవచేసే గదిలోకి ముగ్గురు ముగ్గురు చొప్పున, ఒక్కొక్క జట్టు రెండు నిమిషాలు. అందరూ కేరింతలు కొడుతూ వెళ్లారు, పళ్లు కటకటలాడించుకుంటూ వచ్చారు. మాలిని మాత్రం రెండోసారి, మూడోసారి కూడా లోపలికి పోయింది. నేను పిల్లల్ని లెక్కపెట్టుకునే గొడవలో చూడలేదు. బయటికి వచ్చేసరికి పెదవులు నీలంగా ఉన్నాయి.

అప్పుడు రేవు అవతలినుంచి ఒక కేక వినబడింది.

"ఒలే మాలినీ! సచ్చిపోదామనేటే? ఆ ఐసులో ఏటి సేస్తన్నావు? ఇటు రా, నీ పని సెప్తాను!"

మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, నడుముకు కట్టిన తువ్వాలు, చేతిలో వల కుట్టే సూది. యాభై ఏళ్ల మనిషి. పడవ ఇంజన్ల మధ్య ముప్పై ఏళ్లు మాట్లాడిన గొంతు. ఆవిడే మాలిని మేనత్త సింహాచలమ్మ. మాలిని చెయ్యి పట్టుకుని బరబరా లాక్కెళ్లి ఎండలో నిలబెట్టి, చేతులు రెండూ గట్టిగా రుద్దింది. తర్వాత నావైపు తిరిగింది.

"నువ్వేనేటి టీచర్‌వి? నీకు బుద్ధుందేటి?"

పన్నెండు మంది పిల్లల ముందు. అందులో తెలుగు అర్థమయ్యేది మాలినికే, కానీ ఆ మాటకు అనువాదం అక్కర్లేదు.

మనల్ని తిట్టిన మనిషి దుర్మార్గురాలని నిర్ణయించుకోవడానికి మనకు ఎక్కువ సాక్ష్యం అవసరముండదు. వ్యాను ఎక్కేలోపే నేను నిర్ణయించేసుకున్నాను. నవల్లో ఆంటీ పేజీల్లోంచి దిగివచ్చి, రబ్బరు బూట్లు తొడుక్కుని, హుటాన్ మెలింటాంగ్‌లో వలలు కుడుతోంది.

కన్నీళ్లకు మార్కులు

ఆ వారం నేనిచ్చిన వ్యాసం ఇది: 'నవలలోని అనాథ పడిన కష్టాలను నీ జీవితంలో నువ్వు ఎరిగిన కష్టాలతో పోల్చి రాయి.'

ఇందులో తప్పేముందని మీకనిపించవచ్చు. నాకూ అప్పుడు అనిపించలేదు. కాని నా మార్కులు వేసే పద్ధతి పిల్లలందరికీ తెలుసు. టీచరు కంట తడి పెడితే ఇరవైకి పదహారు దాటుతుంది. అందుకని ప్రతివాడూ కష్టాలు వెతుక్కున్నాడు. ఒకడు సైకిలు పోయిందని రాశాడు. ఒకమ్మాయి పిల్లి చచ్చిపోయిందని రాసింది. ఆ పిల్లి మరుసటి నెల పిల్లల్ని పెట్టిందని తర్వాత తెలిసింది.

మాలిని వ్యాసం నాలుగు పేజీలు. ఇంగ్లీషు చక్కగా ఉంది. సారాంశం ఇది. ఆమె వలల గదిలో పడుకుంటుంది. చుట్టూ చేపల వాసన. తెల్లవారకముందే అత్త ఆమెను లేపుతుంది. స్కూలుకు బయల్దేరేముందు జుట్టు పట్టుకుని లాగుతుంది, కళ్లలో నీళ్లు తిరిగేదాకా. భోజనంలో అత్త చేప తోక తాను ఉంచుకుని, ఆమె కంచంలో తలకాయ వేస్తుంది. రోజూ తలకాయే. తలకాయలోని కళ్లు తనవైపు చూస్తూ ఉంటాయి. 'ఆ కళ్లు, నేను: ఇద్దరం ఒకళ్లకొకళ్లం తప్ప ఎవరూ లేనివాళ్లం' అని ముగించింది.

స్టాఫ్ రూములో కూర్చుని ఏడ్చాను. పద్దెనిమిది వేశాను. ఆ పాఠానికి నేను అంతవరకు వేసిన పెద్ద మార్కు అదే.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. మా తాత రబ్బరు తోటలో కిరాణీ, అంటే గుమాస్తా. దొర ఇంగ్లీషులో చెప్పింది దస్త్రంలో ఎక్కించడం ఆయన ఉద్యోగం. ఇంగ్లీషులో రాసింది అబద్ధం కాదని మా ఇంట్లో ఒక నమ్మకం ఉండేది. నాకూ అంటింది. అదే వ్యాసం మాలిని నాకు తెలుగులో చెప్పి ఉంటే రెండో వాక్యం దగ్గరే నాకు అనుమానం వచ్చేది. ఇంగ్లీషులో ఉండేసరికి, మంచి కామాలు, సెమికోలన్లు పెట్టేసరికి నమ్మేశాను.

ప్రిన్సిపల్ అడిగిన ఒక్క ప్రశ్న

మా ప్రిన్సిపల్ పువాన్ రొహానా. పువాన్ అంటే మలయ్‌లో అమ్మగారు. లెక్కల టీచరుగా మొదలుపెట్టి ఆ కుర్చీలోకి వచ్చిన మనిషి. నేను చూసిన ప్రిన్సిపల్స్‌లో ఆవిడే మేలైనది. ఆ మాట ఆవిడ ఉన్నన్నాళ్లూ నేను అనుకోలేదు. ఎవరు ఏ ఆవేశంతో గదిలోకి వెళ్లినా, ఆవిడ టీ కప్పు మీద మూత పెట్టి, పూర్తిగా విని, ఒక ప్రశ్న అడిగేది. ఆ ప్రశ్న పట్టుకుని మనం బయటికి వచ్చేవాళ్లం.

వ్యాసం చదివి, కాగితాలు సరిచేసి నాకు తిరిగి ఇచ్చింది.

"సావిత్రీ, ఇది ఇంట్లో జరిగిందా, పుస్తకంలో జరిగిందా?"

"ఇంట్లోనే పువాన్. ఆ అత్తను నేను కళ్లారా చూశాను. ఎలా అరిచిందో!"

"అరిచింది. సరే. ఇల్లు చూశావా?"

"లేదు."

"ముందు ఇల్లు చూసి రా. తర్వాత ఏం చేయాలో ఇద్దరం కూర్చుని చూద్దాం, లా."

ఆవిడకు గుండె లేదనుకున్నాను. అనాథ నవల పదేళ్లుగా చెబుతున్న నాకు గుండె ఎక్కడుందో బాగా తెలుసుననుకున్నాను. ఆ మధ్యాహ్నమే జిల్లా సంక్షేమ కార్యాలయానికి నేనే ఫోను చేశాను. పిల్లను తిండి విషయంలో చిన్నచూపు చూస్తున్నారని, చెయ్యి చేసుకుంటున్నారని, పిల్లే వ్యాసంలో రాసిందని చెప్పాను. 'చూశారా?' అని అవతల అడిగారు. 'చూశాను' అన్నాను. చెయ్యి పట్టుకు లాగడం చూశాను కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఆ ఆఫీసు వాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఒక టీచరు ఫోను చేసి చూశానంటే వాళ్లు వెళ్లాలి. వెళ్లారు.

ఇస్త్రీ చేసిన బట్టలు

సోమవారం మాలిని స్కూలుకు రాలేదు. మంగళ, బుధ, గురువారాలు రాలేదు. గురువారం సాయంత్రం పువాన్ రొహానా నన్ను పిలిచింది. సంక్షేమ అధికారి మాలిని ఇంటికి వెళ్లి చూసొచ్చాడనీ, విచారణ తేలేదాకా పిల్లను ఈపో నగరంలో హాస్టలుకు పంపాల్సి రావచ్చని చెప్పాడనీ ఆవిడకు అప్పుడే తెలిసింది. నన్ను తిట్టలేదు. కారు తాళాలు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను.

"అయితే ఇంకా ఇక్కడెందుకు నిలబడ్డావు?"

సింహాచలమ్మ ఇల్లు నది ఒడ్డున, కర్ర స్తంభాల మీద కట్టిన చెక్క ఇల్లు. మెట్లకింద రబ్బరు బూట్లు బోర్లించి ఉన్నాయి. లోపల చాప మీద ఒక సంచి, దానిపక్కన మడతపెట్టిన బట్టలు. స్కూలు యూనిఫారాలు రెండు, గీత చెదరకుండా ఇస్త్రీ చేసి ఉన్నాయి.

నన్ను చూసి ఆమె కేకలు వేస్తుందనుకున్నాను. దానికి సిద్ధపడే వెళ్లాను. వెయ్యలేదు. గొంతు ఎవరో తీసుకుపోయినట్టు మెల్లగా మాట్లాడింది.

"తీస్కెల్లిపోడానికొచ్చినావేటి, టీచర్? బట్టలన్నీ ఇస్త్రీ సేసేసినాను. ఆస్టల్లో ఎవులు సేస్తారో సెయ్యరో."

మాలిని గుమ్మం పక్కన గోడకు ఆనుకుని ఉంది. నావైపు చూడలేదు.

"అక్కా, నాను తీసుకెళ్లడానికి రాలేదు" అన్నాను. ఆ ఇంట్లో అడుగుపెట్టగానే నా ఇంగ్లీషు, నా మలయ్ రెండూ ఎగిరిపోయాయి. మా అమ్మ మాట్లాడిన భాషే నోట్లో మిగిలింది.

"మరి ఆ అబ్బాయెవుడో కాయితం పట్టుకుని వచ్చినాడు. పిల్ల ఏటో రాసినాదంట. ఇంగ్లీసులో. నాకేటి తెలుస్తాది? నువ్వు సదువు. నానేటి సేసినానో నాను ఇనాలి."

వ్యాసం నా సంచిలోనే ఉంది. తీశాను. మాలిని ముందు, వాళ్ల అత్తకు, తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. ముప్పై ఒక్క ఏళ్లలో అంత కష్టమైన పాఠం ఇంకోటి చెప్పలేదు.

"వలల గదిలో పడుకోబెడతావంట."

"అవును. ఆ గదికే నదివైపు కిటికీ ఉన్నాది. గాలొస్తాది. మిగతా ఇల్లంతా పొయ్యిలాగుంటాది."

"తెల్లారకముందే లేపుతావంట."

"అయిదున్నర బస్సు తప్పిపోతే నీ స్కూలు కాడికి ఎలగొస్తాది?"

"జుట్టు పట్టుకుని లాగుతావంట."

 సింహాచలమ్మ మాలిని జడలవైపు చూసింది. నేనూ చూశాను. నూనె రాసి, పాయ పాయకూ బిగించి, చివర రిబ్బనుతో అల్లిన రెండు జడలు. ఏడాది పొడుగునా ఆ జడలు నా ముందు బెంచీలో కూర్చున్నాయి. ఎవరు వేస్తున్నారని ఒక్కనాడూ అనుకోలేదు.

"నువ్వు తోక తిని, పిల్లకి చేప తలకాయ..."

అక్కడ ఆగిపోయాను. ఇంగ్లీషులో ఆ వాక్యం చదివి ఏడ్చాను. తెలుగులో నోటితో అనేసరికి అది పూర్తిగా వేరే మాటయింది. మా ఇంట్లో తలకాయ నాన్న కంచంలోకి వెళ్లేది. నాన్న లేని రోజు దానికోసం నేనూ తమ్ముడూ కొట్టుకునేవాళ్లం. ఈ దేశంలో చేప తలకాయ కూర కోసం జనం ఊళ్లు దాటి వెళ్తారు. అది తెలియనిది నాలుగు పేజీలు చదివినంతసేపు నాకొక్కదానికే.

"అందులో గుజ్జు బాగుంటాది కదేటి, టీచర్. సదువుకున్న పిల్ల, బుర్రకి మంచిదని..." సింహాచలమ్మ అంది. తర్వాత మాలినిని అడిగింది. నన్ను కాదు, మాలినినే.

"నాను నిజంగా అలగున్నానేటే నీకు?"

మాలిని ఏడుపు ఆపుకోలేకపోయింది. తమిళంలో, వెక్కిళ్ల మధ్య చెప్పింది. నాకేసి చూస్తూ చెప్పింది.

"కష్టాలు రాయమన్నారు టీచర్. మా క్లాసులో అందరూ నన్నే చూశారు. అనాథను నేనే కదా, నాకే ఎక్కువ కష్టాలుండాలని. ఎంత వెతికినా దొరకలేదు. నవల్లోలాగే రాస్తే మీకు నచ్చుతుందని, ఉన్నవాటినే ఆ రంగు పూసి రాశాను. ఐసు గదిలో కూడా అందుకే ఎక్కువసేపు ఉన్నాను. చలి ఎలా ఉంటుందో బాగా రాద్దామని."

ఆ పిల్ల అబద్ధం ఆడలేదు. నేను ఏ సరుకు కొంటానో కనిపెట్టి ఆ సరుకు తెచ్చింది.

 నదిలో ఏదో పడవ పోయింది. సింహాచలమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఎన్ని మార్కులేసినావు?"

"ఇరవైకి పద్దెనిమిది."

"మిగిలిన రెండూ ఏటయినాయి?"

"స్పెల్లింగ్ తప్పులు, అక్కా."

ఆమె లేచి నిలబడింది. ఆ ఇంటి చెక్కలు అదిరేలా, పోయిన గొంతు మొత్తం ఒక్కసారి తిరిగొచ్చింది.

"నానింత దుర్మార్గం సేస్తే రెండు మార్కులు తక్కువేటి? ఒలే, స్పెల్లింగ్ సూసుకోనేదేటే? రోజూ ఆ తలకాయలు తిని ఏటి లాబం?"

మాలిని ఏడుస్తూనే నవ్వింది. నేనూ నవ్వాను. నేను నవ్వడం చూసి సింహాచలమ్మకు మళ్లీ కోపం వచ్చింది. అది న్యాయమే.

మొదటి వాక్యం

మరునాడు పొద్దున్న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాశాను. 'కొన్ని అపార్థాల వల్ల' అని మొదలుపెట్టి, ఒక పేజీ నిండా చక్కటి మలయ్ భాషలో తప్పంతా గాలి మీదికి నెట్టాను. పువాన్ రొహానా చదివి, ఆ పేజీ చింపేసి తెల్ల కాగితం ఇచ్చింది.

"మొదటి వాక్యం నేను చెబుతాను, రాయి. 'నేను ఇల్లు చూడకుండా, చూశానని చెప్పాను.' తర్వాత నీ ఇష్టం."

తర్వాత రాయడానికి ఏమీ మిగల్లేదు. ఆ ఒక్క వాక్యం కింద సంతకం పెట్టాను. దానికి నాకు రాతపూర్వకంగా మందలింపు వచ్చింది. నా ఫైల్లో ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా.

అయినా అధికారి ఇంకోసారి చూడక తప్పదు. ఆ రోజు నన్నూ రమ్మన్నారు. ఫైజల్‌గారు, ఇక్కడి మాటలో ఎన్చిక్ ఫైజల్, అని కుర్రవాడు, ఎంతో మర్యాదగా చాప అంచున కూర్చుని, మాలినిని ఒంటరిగా ఒక అరగంట, తర్వాత అందరి ముందు ఒక పది నిమిషాలు ప్రశ్నలు అడిగాడు. ఆఖరుకు, కలం తెరిచే ఉంచి, ఆప్యాయంగా అన్నాడు:

"అయితే మీ అత్త నీకు అమ్మతో సమానం. అలా రాసుకోనా?"

"వద్దు" అంది మాలిని.

సింహాచలమ్మకు మలయ్ బాగా వచ్చు. ఆమె ముఖం పాలిపోవడం నేను చూశాను.

మాలిని ముందు మలయ్‌లో అధికారికి చెప్పింది. తర్వాత అత్తవైపు తిరిగి, ఎప్పుడూ మాట్లాడని తెలుగులో, ఒక్కొక్క మాటే పోగుచేసుకుంటూ అదే మళ్లీ చెప్పింది.

"అమ్మ... వేరే ఉన్నాది. మా అమ్మ. నాకు గుర్తుంది. ఈమి అమ్మ కాదు. ఈమి... మా అత్త. అత్త అనే రాయండి. అది తక్కువ కాదు."

ఎన్చిక్ ఫైజల్ అలాగే రాసుకున్నాడు. సింహాచలమ్మ ఏదో పని ఉన్నట్టు గబగబా వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది. బయటికి వచ్చి అందరికీ భోజనం వడ్డించింది. చేప తలకాయ అధికారి కంచంలో వేసింది. మాలిని ముఖం మాడిపోయింది. ఫైలు ఆ మధ్యాహ్నమే మూసేశారు.

భవానికీ, మీకూ

ఆ తర్వాత క్లాసులో నేను చేసింది పిల్లలందరికీ చెప్పాను. మాలినిని అడిగి, ఆమె ఒప్పుకున్నంతే చెప్పాను. టీచరు తప్పు ఒప్పుకుంటే పిల్లల్లో గౌరవం పోతుందని పాతవాళ్లు నన్ను భయపెట్టారు. పోలేదు. ఒక వారం పాటు అందరూ కొంచెం ఎక్కువ ప్రేమగా చూశారు. అది నాకు ఇంకా ఇబ్బందిగా ఉండేది.

ఆ వ్యాసం ప్రశ్న మళ్లీ ఇవ్వలేదు. పిల్లల సొంత దుఃఖాన్ని పరీక్షకు పెట్టకండి. పెడితే ఉన్నవాళ్లు దాచుకుంటారు, లేనివాళ్లు తయారుచేస్తారు. క్లాసులో నిజంగా తల్లీతండ్రీ లేని పిల్ల ఉంటే, ఆ నవల ఆమె గురించి కాదని మొదటి రోజే మీ మనసులో రాసుకోండి. అది ఒక ఇంగ్లీషు పిల్ల గురించి. మీ ముందున్న పిల్లకు రెండు జడలు ఎవరు వేస్తున్నారో చూడండి.

అలాగని ఏదైనా నిజంగా కనిపిస్తే ఊరుకోమని కాదు. తర్వాతి ఏళ్లలో రెండుసార్లు నేను అదే ఆఫీసుకు ఫోను చేశాను. రెండుసార్లూ ముందు ఇల్లు చూశాను. రెండుసార్లూ నేను చెప్పింది నిజమే. 

మాలిని ఇప్పుడు సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తోంది. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. నా దగ్గర ఏదో ఒకటి నేర్చుకుందన్నమాట.

శనివారాలు

ఒకటి చెప్పడం మరిచాను. ఫైలు మూసిన రోజు సింహాచలమ్మ నన్ను మెట్లదాకా సాగనంపుతూ ఆపింది.

"ఆ కతలో అత్త ఏటి సేసినాదో నాకు సెప్పాల. నన్నేటితో పోల్చినారో నాకు తెల్వద్దేటి?"

అది అడిగే హక్కు ఆమెకుంది. వరసగా ఏడెనిమిది శనివారాలు మధ్యాహ్నంపూట వెళ్లి, ఆమె వల కుడుతుంటే ఆ లావుపాటి నవల మొత్తం తెలుగులో చెప్పాను. మాలిని పక్కన కూర్చుని నేను వదిలేసినవి అందించేది. అంత శ్రద్ధగా విన్న విద్యార్థిని నాకు మళ్లీ దొరకలేదు. అంత వాదించిన విద్యార్థి కూడా దొరకలేదు. బోర్డింగ్ స్కూలు మేనేజరును సూదితో పొడుస్తానంది. పిల్లను పెళ్లాడబోయే పెద్దమనిషి మీద మొదటినుంచీ అనుమానమే.

ఆంటీ చచ్చిపోయే ఘట్టం వచ్చింది. చచ్చేటప్పుడు కూడా ఆవిడకు ఆ పిల్లంటే ప్రేమ పుట్టలేదని చెప్పాను. సింహాచలమ్మ దారం కొరికింది.

"టీచర్, ఆవిణ్ని ఎవులైనా అడిగినారేటి? ఈ పిల్లని పెంచుతావా అని?"

అప్పటికి పదేళ్లుగా ఆ నవల చెబుతున్నాను. ఈ ప్రశ్న ఏ గైడులోనూ చూడలేదు, నాకూ తోచలేదు.

"లేదక్కా. తెచ్చి అప్పజెప్పేసినారు."

"మరదే. అడక్కుండా అప్పజెప్తే అలగే ఉంటాది. ఆవిడ సేసింది తప్పే. కానీ అడగాల." వల తిప్పి ఇంకో చిరుగు వెతుక్కుంది. "నన్నూ ఎవులూ అడగనేదు. మా తమ్ముడు పోయినప్పుడు ఈపోలో అందరూ కూకుని మాటాడుతున్నారు, పిల్ల ఎవులింటికెల్లాలని. పొద్దుటేల నుంచీ మాటాడుతున్నారు. నాను రేవు కాణ్నుంచి బూట్లతోటే బస్సెక్కి ఎల్లిపోయినాను. సెయ్యి పట్టుకుని తెచ్చేసుకున్నాను."

"అంత సులువుగా ఏం రాలేదు టీచర్" అంది మాలిని తమిళంలో. "ఈమెంటే నాకు భయం. అప్పటికి రెండుసార్లే చూశాను. గొంతు వింటేనే ఏడ్చేదాన్ని."

"మరి ఎందుకు వచ్చావు?"

"అందరూ నా గురించే మాట్లాడుతున్నారు. నాతో ఎవరూ మాట్లాడలేదు. ఈమె లోపలికి వచ్చి, వాళ్లెవరినీ చూడకుండా, నన్ను 'తిన్నావా' అని అడిగింది. నేను తినలేదు. ముందురోజు నుంచీ తినలేదు. ఎవరికీ గుర్తులేదు. బస్టాండులో వేడి వేడి రొట్టి చనాయ్, నంజుకోవడానికి పప్పూ కొనిపెట్టింది."

"నాలుగు!" అంది సింహాచలమ్మ, నాలుగు వేళ్లు నా ముఖానికి దగ్గరగా పెట్టి. "ఎనిమిదేళ్ల గుంట, టీచర్! నాలుగు రొట్టి చనాయ్ తిన్నాది! దీన్నెలగ పెంచాల్రా దేవుడా అని అప్పుడు బయమేసినాది నాకు."

"మూడే అత్తా."

"నాలుగు. పప్పు మల్లీ ఏయించుకున్నావు."

ఆ తర్వాత చాలాసేపు వాళ్లిద్దరూ మూడా నాలుగా అని పోట్లాడుకున్నారు. అనాథ కథ ఆ శనివారం ముందుకు సాగలేదు. నేను పుస్తకం మూసి పక్కన పెట్టాను.